నేను మానని మాత్రలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాచుకున్నానని అనలేను, ఎందుకంటే దాన్ని మైకులోనే చెప్పాను. అందరి ముందు, చేతులెత్తి, కళ్లు మూసుకుని చెప్పాను. దాచింది నిజాన్ని. చాలా చిన్న నిజం అది. వేలిగోరంత ఉంటుంది, తెల్లగా, మధ్యలో ఒక గీతతో. రోజుకు రెండు. షాపు తీశాక ఒకటి, మూసేముందు ఒకటి. ఆదివారాలకు సరిపడా కళ్లజోడు పెట్టెలో, తుడుచుకునే గుడ్డ కింద.

అవి మూర్ఛ రాకుండా వేసుకునే మాత్రలు. వాటిని మానేశానని, దేవుడే నన్ను బాగుచేశాడని చెప్పాను. నా మాట నమ్మి ఒక పద్నాలుగేళ్ల పిల్ల తన మాత్రలు మానేసింది. ఆ పిల్ల కుడిచేతి వేళ్లు ఇప్పుడు పూర్తిగా తెరుచుకోవు.

చూశారా, నాలుగు వాక్యాల్లో అయిపోయింది. దీనికి పదకొండేళ్లు పట్టింది.

ఇందులో ఉన్నవాళ్ల పేర్లు మార్చాను. నా పేరు మార్చడం కూడా దండగనిపించి తీసేశాను. మేడ్చల్‌లో నాది ఫ్లెక్సీ షాపు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, బోనాలు, ఉర్సులు, క్రిస్మస్, నాయకులకు స్వాగతాలు, పోయినవాళ్లకు నివాళులు. అందరి దేవుళ్లూ నా కంప్యూటర్‌లో పక్కపక్క ఫోల్డర్లలో ఉంటారు, ఏనాడూ గొడవ పడలేదు. ప్రింటుకు పంపేముందు మ్యాటర్ చదివి తప్పులు దిద్దడం నా పని. 'శుభాకాంక్షలు'లో ఏ అక్షరానికి ఒత్తు ఉండాలో తెలియక జనం పడే అవస్థే నాకు అన్నం పెడుతోంది. ఇతరుల తప్పులు దిద్ది బతుకుతున్నానన్నమాట. ఇంతకంటే చెబితే దొరికిపోతాను.

మూర్ఛ పదిహేడో ఏట మొదలైంది. మొదటిసారి ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో పడ్డాను. భయంతో పడ్డానని మా సారు అనుకున్నాడు. ఫిజిక్స్ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆయన్ను తప్పుపట్టలేదు. తర్వాత బజారులో పడ్డాను, బస్సులో పడ్డాను, మేనమామ పెళ్లి బరాత్‌లో పడ్డాను. డ్యాన్స్ చేస్తున్నాననుకుని చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారట. సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ మాత్రలు రాసి ఒకటే మాట చెప్పింది. బాగైందని నీ అంతట నువ్వు ఆపకు అని. మాత్రలు మార్చి, మోతాదు మార్చి, ఆరేడేళ్లు తిప్పలు పడ్డాక రోగం లొంగింది. అప్పటి నుంచి మళ్లీ పడలేదు.

ఆ మధ్యలోనే, ఇరవై రెండేళ్లప్పుడు, దేవరయాంజాల్ వైపు ఒక చిన్న ప్రార్థన మందిరానికి బ్యానర్ కట్టడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. రేకుల షెడ్డు, నలభై మంది మనుషులు, ఒక డోలు, ఒక పాత కీబోర్డు. ఎందుకు ఉండిపోయానో తర్వాత చెబుతాను. చెప్పాల్సినప్పుడు చెప్పనిది అదే.

మా అన్నకు ఇది నచ్చలేదు. అన్న చెడ్డవాడు కాదు. మాకు నాయిన లేకపోతే నన్ను చదివించింది, ఆసుపత్రులకు తిప్పింది అతనే. కానీ వాదన అంటే ప్రాణం. షాపుకు వచ్చినప్పుడల్లా నా దేవుణ్ణి బోనులో నిలబెట్టేవాడు. ఆయన తరఫు వకీలు వేషం నాది. చదువు అంతంతమాత్రం, వాక్చాతుర్యం అసలే లేదు. ప్రతి వాయిదాలోనూ ఓడిపోయేవాణ్ణి. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం, మా పాస్టరుగారు కరపత్రాల కోసం షాపులో కూర్చుని ఉండగా అన్న వచ్చాడు. ఆయన ఉన్నాడని మరింత హుషారుగా మొదలుపెట్టాడు.

"ఊకె అల్లెలూయ అల్లెలూయ అనుడు గాదురా. మీ దేవుడు నీకేం జేసిండో ఒక్కటంటే ఒక్కటి జెప్పు."

"నా ఫిట్స్ తగ్గించిండు."

"అవి గోలీలు తగ్గించినయ్ రా పిచ్చోడా! అప్పట్ల నేను తెచ్చిచ్చిన గోలీలు. అవి బంద్ జేసి నిలవడి సూపెట్టు, నేను గూడ ఒస్త మీ చర్చికి."

"బంద్ జేసి ఏడాదైంది."

ఎలా వచ్చిందో తెలియదు. నాలుక చివర్న అప్పటికే తయారుగా ఉన్నట్టు వచ్చింది. అన్న నోరు తెరిచి, మూసి, నా వైపు చూసి బయటికి వెళ్లిపోయాడు. నా జీవితంలో అన్నను వాదనలో గెలిచింది ఆ ఒక్కసారే. గెలిచాను గానీ, నిజం పలికింది ఓడినవాడు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో మీకు చెప్పడానికి సిగ్గేస్తోంది.

పాస్టరుగారు మెల్లగా లేచి నా తలమీద చెయ్యి పెట్టారు. ఆయన కళ్లలో నీళ్లు. ఇంత గొప్ప సాక్ష్యాన్ని ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నావు తమ్ముడూ అన్నారు. ఆయన మోసగాడు కాదు. మందులు మానమని ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఆయనకూ షుగర్ ఉంది, మాత్ర వేసుకున్నాకే భోజనానికి కూర్చుంటారు. అప్పుడే "అయ్యా, అది మా అన్న మీద కోపంతో అన్న మాట" అని ఉంటే ఆయన నవ్వేసేవారు. అనలేదు. ఎందుకనలేదు? ఆ చెయ్యి నా తలమీద ఇంకాసేపు ఉండాలనిపించింది.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం ఒక పద్ధతి. ఆదివారం పాటల తర్వాత, పాస్టరుగారి వాక్య ప్రసంగానికి ముందు, దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఒకరికి ఉద్యోగం, ఒకరికి బోరులో నీళ్లు, ఒకరికి తాగుడు మానిన భర్త. ఎవరూ రుజువు అడగరు. అడగకపోవడమే అక్కడి మర్యాద. చెప్పినవాళ్లు కూర్చోగానే అందరూ స్తోత్రం అంటారు, ఆ మాటకు అక్కడితో ముద్ర పడిపోతుంది. మొదటి ఆదివారం నేను రెండు నిమిషాలు మాట్లాడాను. నెల తిరిగేసరికి ఐదు నిమిషాలైంది. మాత్రల స్ట్రిప్పును చెత్తబుట్టలో వేసిన రోజు అంటూ ఒక రోజు పుట్టింది. ఆ రోజు వాన పడుతోందని కూడా చెప్పాను. వాన ఎందుకు కురిపించానో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత, రోగాలు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూడికలు పెట్టారు. కరపత్రం మ్యాటర్ నా షాపుకే వచ్చింది. 'మూర్చ వ్యాధి నుండి విడుదల పొంది, మందులు మానివేసిన సహోదరుని సాక్ష్యం.' నా కంప్యూటర్ మీద, నా చేతులతో టైపు చేశాను. 'మూర్చ'లో చ కు ఒత్తు లేకపోతే పెట్టి 'మూర్ఛ' చేశాను. అక్షరదోషం దిద్దాను, దోషాన్ని ప్రింటుకు పంపాను.

ఆ కరపత్రం పట్టుకుని వచ్చింది యాదమ్మక్క.

జవహర్‌నగర్‌లో ఉండేది. ఒక కాలేజీ హాస్టల్లో వంటగిన్నెలు తోమే పని. కూతురు స్వాతిని తీసుకుని రెండు ఆటోలు మారి వచ్చింది. ఆ రోజు నేను ఎప్పటికంటే బాగా మాట్లాడాను. కూడిక అయిపోయాక బయట చెప్పుల దగ్గర నా చెప్పు వెతుక్కుంటుంటే యాదమ్మక్క నన్ను ఆపింది. పిల్ల వెనక నిలబడి ఉంది. సన్నటి పిల్ల, రెండు జడలు, నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"అన్నా, జర ఒక్క మాట. నా బిడ్డకు గూడ ఫిట్సే. మూడేండ్ల సంది. గోలీలేసుకుంటే బళ్లె కూసున్నకాడ్నే నిద్రపోతాంది. టీచర్లు తిడుతున్రు. పిల్లలు నవ్వుతున్రు. డాక్టరేమొ ఆపొద్దన్నడు."

నేను తల ఊపాను.

"నువ్వు ఆపినవు గదా? నీకేం గాలే గదా?"

అప్పుడు నేను చేసిన పని చూడండి. నిజం చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. రెండింటి మధ్యలో భక్తులకు తెలిసిన సందు ఒకటుంటుంది, అందులో దూరాను.

"అంత మన విశ్వాసం మీదనే ఉంటదక్కా."

యాదమ్మక్క చదువుకోలేదు గానీ సందుల్లో దూరేవాళ్లను చూసిన మనిషి.

"గట్ల గాదన్నా. నాకు సమజయ్యేటట్టు జెప్పు. బంద్ జేసినవా, లేదా?"

పక్కనే పాస్టరుగారు ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఇద్దరు ముగ్గురు అక్కలు చెప్పులేసుకుంటూ ఆగి వింటున్నారు. పిల్ల వాళ్లమ్మ కొంగు లాగి, "ఒక్కపారన్న పడలేదంట అమ్మా" అంది, నా తరఫున తనే జవాబిస్తున్నట్టు.

"బంద్ జేసిన" అన్నాను.

"ఒక్కటి గూడ ఏసుకుంటలేవు?"

"ఒక్కటి గూడ."

యాదమ్మక్క చేతులు జోడించింది. దండం దేవుడికో నాకో తెలియలేదు. ఆ ఆదివారం పొద్దున కూడా నేను మాత్ర వేసుకునే బయల్దేరాను. నా నాలుక మీద ఆ చేదు ఇంకా ఉండే ఉంటుంది.

ఈ సంభాషణను ఎన్నిసార్లు తిరగేశానో. ఒక మనిషి సూటిగా అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు మూడు తలుపులు తెరిచింది. నేను మూడింటినీ నా చేత్తోనే మూసుకుని, లోపల ఉండిపోయాను. మైకులో చెప్పినదానికి పాటల ఊపు, ఆవేశం అని సాకులు చెప్పుకోవచ్చు. చెప్పుల దగ్గర చెప్పినదానికి ఏ సాకూ లేదు. అక్కడ ఎదురెదురుగా ముగ్గురం, ఒక ప్రశ్న, ఒక జవాబు.

రెండు నెలలు బాగానే గడిచాయట. పిల్లకు బళ్లో నిద్ర రావడం ఆగింది. యాదమ్మక్క ఒక ఆదివారం లేచి అది కూడా సాక్ష్యంగా చెప్పింది. నేనూ అందరితోపాటు స్తోత్రం అన్నాను. ఎందుకంటే, నిజంగానే దేవుడు ఈ పిల్లను బాగుచేస్తున్నాడేమో, నా అబద్ధాన్ని కూడా ఆయన వాడుకుంటున్నాడేమో అని ఒక పిచ్చి ఆశ. పాపం చేసినవాడి భక్తి ఎంత తెలివిగా ఉంటుందో.

తర్వాత ఒక సాయంత్రం, తల్లి పని నుంచి రాకముందు, పిల్ల అన్నం వండి గంజి వంచుతుండగా మూర్ఛ వచ్చింది. వేడి గంజి గిన్నె కుడిచేతి మీద ఒలికింది. మోచేతి నుంచి వేళ్ల దాకా కాలింది. ఇంట్లో ఎవరూ లేరు. ఎంతసేపు అలా పడి ఉందో ఎవరికీ తెలియదు.

ఆసుపత్రికి వెళ్లాను. సంఘం తరఫున ప్రార్థన చేయడానికి నన్నే పంపారు. నన్ను కాక ఎవరిని పంపుతారు? యాదమ్మక్క నన్ను చూడగానే ఏడ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈ పదకొండేళ్లు ఇంకోలా ఉండేవి. "మా విశ్వాసమే తక్కువాయె అన్నా. నీ అంత విశ్వాసం మాకు లేకపాయె" అంది.

మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశాను. జేబులో కళ్లజోడు పెట్టె ఉంది. కట్టు కట్టిన చేతి మీద చెయ్యి పెట్టే ధైర్యం లేక మంచం ఇనుప పట్టీని పట్టుకున్నాను. ఆమెన్ అనేసరికి స్వాతి గోడవైపు తిరిగి ఉంది.

డాక్టర్లు మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. నిద్ర రాని రకం ఇంకొకటి ఉందట, అది ఇచ్చారు. అంటే, యాదమ్మక్క నా దగ్గరికి కాకుండా తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే సరిపోయేది. నేను "నేనూ వేసుకుంటున్నానక్కా, నిద్ర వస్తోందని డాక్టరుకే చెప్పు" అని ఉంటే సరిపోయేది. ఒక్క మాట. నా దగ్గర మాటలకు కొదవా?

మరి తర్వాతైనా ఎందుకు చెప్పలేదు? మీరు అడగకముందే నేను అడుగుతున్నాను. మొదట భయం. ఆ తర్వాత పెళ్లి. మా ఆవిడ వాళ్లది ప్రార్థనాపరుల కుటుంబం, స్వస్థత పొందిన అబ్బాయి అని ఇష్టపడి ఇచ్చారు. అంటే నా భార్య పెళ్లాడింది నా సాక్ష్యాన్ని, నేను తోడుగా వచ్చాను. ఆమెకు తెలియకుండా పదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాను. తాగుబోతులు కూడా ఇంత జాగ్రత్తగా దాచుకోరేమో. ఆ తర్వాత పిల్లలు. ఆ తర్వాత, నా సాక్ష్యం విని సంఘంలో చేరినవాళ్లు. వాళ్ల కింద నుంచి ఈ ఇటుక లాగితే? ప్రతి ఏడాదీ గోడ ఒక వరుస పెరుగుతుంది, నేను లోపలి వైపు ఉంటాను.

నేను కాపాడింది దేవుడినా, నన్నా? మా అన్న అడిగిన ప్రశ్నకు నా దేవుడి దగ్గర జవాబు లేదనుకున్నానా, అందుకే నేనే ఒక జవాబు తయారుచేసి ఆయన చేతిలో పెట్టానా? అలా అనుకున్నవాడికి విశ్వాసం ఉన్నట్టా, లేనట్టా?

ఉంది. అదే నా చిక్కు. లేకపోతే తేలికయ్యేది. అన్న దగ్గరికి వెళ్లి, నువ్వు చెప్పిందే నిజం అని, చర్చి మానేసి, హాయిగా అందరికీ కనబడేలా మాత్ర వేసుకునేవాణ్ణి.

ఎందుకు ఉండిపోయానో తర్వాత చెబుతానన్నాను కదా. బ్యానర్ కట్టడానికి వెళ్లిన రోజు అక్కడ కూడా పడ్డాను. అంతకుముందు ఎక్కడ పడ్డా జనం దూరంగా జరిగేవారు. తాళాలగుత్తి చేతిలోకి విసిరేవారు. చెప్పు వాసన చూపించేవారు. తెలివి వచ్చేసరికి చుట్టూ ఒక గుండ్రటి ఖాళీ ఉండేది, మధ్యలో నేను. ఆ రోజు తెలివి వచ్చేసరికి నా తల ఒక ముసలమ్మ ఒడిలో ఉంది. నా నోటి నురగను ఆమె చీరకొంగుతో తుడుస్తోంది. నేను ఎవరో ఆమెకు తెలియదు, నాది ఏ మతమో తెలియదు. "ఏం గాలే బిడ్డా, పండుకో" అంది. ప్యాంటు తడిసిపోయి ఉంటే ఎవరో ఒక లుంగీ తెచ్చి కప్పారు. ఎవరూ నవ్వలేదు. నా దేవుడు నాకు కనబడింది అక్కడ. ఆ మధ్యాహ్నం గురించి ఇప్పటికీ నాకు ఒక్క సందేహం కూడా లేదు.

అన్న అడిగినప్పుడు ఇది చెప్పలేదు. చిన్నదిగా అనిపించింది. ముసలమ్మ కొంగు ఒక అద్భుతమా? అన్న నవ్వుతాడనుకున్నాను. మాత్రలు కూడా దేవుడే ఇచ్చాడు అనలేదు, అదీ చిన్నదిగానే అనిపించింది. చేతిలో నిజమైన సాక్ష్యం ఉంచుకుని పెద్దదాని కోసం అబద్ధానికి వెళ్లాను. అలా చెప్పి ఉంటే అన్న నవ్వేవాడు, అంతే. స్వాతి చెయ్యి బాగుండేది.

ఇన్నేళ్లూ చెప్పనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల శామీర్‌పేట బస్టాపులో స్వాతి కనబడింది. ఇప్పుడు ఇరవై అయిదేళ్లు. ఒక దుకాణంలో బిల్లులు కొడుతుంది, ఎడమచేత్తో. కుడిచెయ్యి కనబడకుండా పొడుగు చేతుల జాకెట్టు. మందిరానికి రావడం మానేసి చాలా ఏళ్లైంది, తల్లి ఒక్కతే వచ్చి చివరి వరుసలో కూర్చుంటుంది. "బాగున్నవా అన్నా? వదిన మంచిగుందా?" అని పలకరించింది. బాగున్నామన్నాను. బస్సు వస్తుంటే, ఏమనిపించిందో, నా దగ్గరికి ఒక అడుగు వేసి గొంతు తగ్గించింది.

"అమ్మకు జెప్పకన్నా, పరేషాన్ అయితది. నేను ఇంట్ల గూడ ప్రార్థన జేస్తలేను. నీ దిక్కు సూసిండు, నా దిక్కు సూడలే ఆయన. నేనేం తప్పు జేసిన్నో నాకైతే ఇప్పటికీ సమజ్ గాలే."

ఎక్కి వెళ్లిపోయింది. నాకు చెప్పింది ఆ మాట. లోకంలో ఇంతమంది ఉండగా నాకు. తను ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

నేను చేతిని కాల్చాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ చేతికన్నా లోపల ఇంకొకటి కాలిందని ఆ రోజు తెలిసింది. ఏ తప్పూ చేయని పిల్ల తన తప్పేమిటో పదకొండేళ్లుగా వెతుక్కుంటోంది. అది ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా దగ్గర ఉంది.

మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతిలో లేదు. పాస్టరుగారి చేతిలోనూ లేదు. దేవుడి చేతిలో ఉందేమో గానీ, స్వాతిని దాటి ఆయన దగ్గరికి వెళ్లడానికి నాకు దారి కనబడటం లేదు. జవహర్‌నగర్ వెళ్లి ఆ తలుపు తడతానా? తడతానని మీకు మాట ఇవ్వను. నా మాటల విలువ మీకు ఈపాటికి తెలిసింది. రాయడం మాత్రం రాశాను, స్వాతి అడిగిన ప్రశ్నకు జవాబుతో సహా. షాపు షట్టరు సగం దించి, ఆ జవాబును ఒకసారి పైకి చదివాను. నా గొంతులో ఆ మాటలు నేను వినడం ఇదే మొదటిసారి.

స్వాతీ, నీ తప్పు ఏమీ లేదు. మీ అమ్మ విశ్వాసం తక్కువ కాలేదు. దేవుడు నా వైపు చూసి నిన్ను వదిలేయలేదు. నేను మాత్రలు బంద్ చేయలేదు. ఒక్కరోజు కూడా.